జుమానా కాలి తొడుగు గురించి ఒంటిచేతి వాడి మనవి

మోసుల్, అక్టోబరు 22.

సమాచార భద్రత, యంత్ర ఆమోదాల ప్రాంతీయ అధికారి గారి సముఖమునకు,

ఎడమగట్టు కృత్రిమ అవయవాల కేంద్రంలో తొడుగుల రూపకర్తగా పనిచేయుచున్న ఘజ్వాన్ ధన్నూన్ యహ్యా విన్నవించుకొనునది.

విషయం: ఆమోదిత ఆపరేటింగ్ సిస్టంలో నిబంధన 37 కింద మూసివేయబడిన ఒక సౌకర్యమును ఒకే ఒక కంప్యూటరులో తెరచుటకును, జుమానా అను తొమ్మిదేళ్ళ బాలికకు కాలు అందినట్లు రికార్డులో పడిన తప్పును కొట్టివేయుటకును ప్రార్థన.

సూచిక: తమ కార్యాలయపు సర్క్యులర్ నం. 114, తమ మెమో నం. 209, తమ విడుదల ఉత్తర్వు నం. 377.

అయ్యా,

తమ కార్యాలయం గేటు పక్కన గొడుగు కింద కూర్చుని అర్జీలు రాసే అబూ రాఫిద్ చేత ఈ కాగితం రాయించాలని మొదట అనుకున్నాను. సంగతంతా విని అతడు కలానికి మూత పెట్టేశాడు.

"ఉస్తా, ఇందులో ఏడుపు ఎక్కువ, నంబర్లు తక్కువ. ఆఫీసరుకి ఏడుపు కనపడితే ఫైలు అడుక్కి పోతుంది. పోయి నంబర్లు పట్రా."

"నంబర్లు కూడా ఉన్నాయి."

"అయితే నువ్వే రాసుకో. ఈ కంప్యూటర్ల గొడవ నాకు తెలీదు. విడాకులు, పింఛన్లు, పోయిన గుర్తింపు కార్డులు, ఇవీ నా సరుకు."

కావున నేనే వ్రాసుకొనుచున్నాను. కుడిచేయి ఉన్నది. తప్పులుంటే మన్నించగలరు.

1. నేను సదరు కేంద్రంలో ఆరేళ్ళుగా పనిచేయుచున్నాను. అంతకు ముందు పదహారేళ్ళు బాబ్ అల్-సరాయ్ బజారులో సూట్లకు గుడ్డ కత్తిరించేవాణ్ణి. మేస్త్రీనని అందరూ 'ఉస్తా' అని పిలవడం అప్పటి నుంచే. పాత ఊరి యుద్ధంలో నా ఎడమచేయి మోచేతి కింద నుంచి పోయింది. ఈ కేంద్రానికి మొదట నేను రోగిగానే వచ్చాను. వరండాలో వరుసలో కూర్చుని ఎదుటివాళ్ళ నడక చూసి, ఎవరి కాలు ఎంత పొట్టిగా అమిరిందో పక్కవాడికి చెబుతుంటే అప్పుడు శిక్షణకు వచ్చిన విదేశీ ఇంజనీరు విన్నాడు. టేపు పెట్టి కొలిస్తే నా మాట అర అంగుళం కూడా తప్పలేదు. నాకు చేయి ఇచ్చిన చోటే పని కూడా ఇచ్చారు. ఆ చేయి మంచిదే, సంచి మోస్తుంది, తలుపు తోస్తుంది. కీబోర్డు మీద పెడితే మాత్రం ఒక మీట నొక్కబోతే నాలుగు నొక్కుకుంటాయి. ఈ సంగతి ముందే చెప్పుట అవసరం.

2. నా పని ఏమనగా: కాలు పోయిన వారి మొండికాలిని ఒక పరికరం చుట్టూ తిరిగి చూసి దాని ఆకారాన్ని కంప్యూటరు తెర మీదికి పంపుతుంది. అక్కడ నేను ఎముక ఉన్నచోట కొంచెం వదులు చేసి, కండ ఉన్నచోట కొంచెం బిగించి, తొడుగు రూపం తయారు చేస్తాను. దాన్నిబట్టి యంత్రం అచ్చు చెక్కుతుంది. అచ్చు మీద తొడుగు పోస్తారు. తొడుగు కుదిరితే మనిషి నడుస్తాడు. వేలు మందం తేడా వస్తే చర్మం చీరుకుని రక్తం కారుతుంది. కాలు, పాదం, మరలు అన్నీ గిడ్డంగిలో దొరికే వస్తువులే. తొడుగు మాత్రం ఎవరిది వారికే.

ఈ పని ఇన్నాళ్ళూ 'కాలిబ్' అను ప్రోగ్రాములో చేశాను. అందులో తెర మీది బొమ్మను తిప్పడానికి కాలి కింద పెడల్ వాడుకోవచ్చు. శిథిలమైన మా దుకాణంలోంచి ఏరి తెచ్చుకున్న కుట్టుమిషను పెడల్‌నే ఆ ఇంజనీరు దానికి తగిలించి ఇచ్చాడు. కాలితో తిప్పడం, చేత్తో నొక్కడం. పదహారేళ్ళు చేసిన పనిలాగే ఉండేది. రెండు గంటల్లో ఒక తొడుగు. ఆ విధంగా నాలుగు వందల ముప్పై మందికి చేశాను. వారిలో తమ శాఖ డ్రైవరు ఒకరు.

3. జనవరి నెలలో సర్క్యులర్ నం. 114 వచ్చింది. ఆసుపత్రుల నెట్‌వర్కులో ఉన్న ప్రతి కంప్యూటరూ ఆమోదిత ఆపరేటింగ్ సిస్టంకు మారవలెనని, మారనివాటిని తొలగించెదమని దాని సారాంశం. ఇది అన్యాయమని నేను అనను. వేరే జిల్లాలో ఎవరో దొంగలు పాత సిస్టంలోంచి దూరి రోగుల కాగితాలన్నిటికీ తాళం వేశారని, రక్తం ఎక్కించవలసిన వారి వివరాలు రెండు రోజులు దొరకలేదని విన్నాను. తలుపుకు గడియ ఉండవలసినదే. ఇంట్లోవాడు బయట ఉండగా గడియ పడినదని మాత్రమే నా మనవి.

4. ఫిబ్రవరి 11న నా కంప్యూటరు మార్చారు. కాలిబ్ తెరుచుకోలేదు. "ప్రచురణకర్త ధ్రువీకరించబడలేదు" అని వచ్చింది. ఆ ప్రచురణకర్త కంపెనీ మూతపడి మూడేళ్ళయింది, ధ్రువీకరించడానికి ఎవరూ లేరు. పెడల్‌ను కొత్త సిస్టం గుర్తుపట్టలేదు. దాని బదులు ఆమోదిత జాబితాలోని కొత్త ప్రోగ్రాం ఇచ్చారు. అందులో బొమ్మ తిప్పాలంటే కీబోర్డు మీద రెండు మీటలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మౌసు లాగాలి. బొమ్మను నొక్కి మలిచేటప్పుడు మీటలు వదలాలి. మళ్ళీ పట్టాలి. ఒక్క తొడుగుకు ఇలా ఐదారు వందల సార్లు.

ఇందుకు నేను చేసిన ప్రయత్నాలు: మోచేతి మొండితో నొక్కాను, ఐదు మీటలు పడ్డాయి. గడ్డంతో నొక్కాను, తెర కనపడలేదు. ఇనుప తూకపురాయి పెట్టి చూశాను. దాన్ని పెట్టడానికీ తీయడానికీ మౌసు వదలాలి, వదిలితే బొమ్మ జారిపోతుంది. అలాగే పట్టుబట్టి తొమ్మిది రోజులకు ఒక తొడుగు పూర్తి చేశాను. అది వేసుకున్న మనిషి, పేరు హిషాం, రొట్టెల బట్టీలో పని, మూడోనాడు బూటు నిండా రక్తంతో తిరిగొచ్చాడు. "నువ్వు బావున్నావా ఉస్తా?" అని అడిగాడు. ఆ మాట ఇంకా మింగుడు పడలేదు.

తరువాత కీబోర్డు నేల మీద పెట్టి కాలి వేళ్ళతో నొక్కాను. కొంత కుదురుతున్నట్టే ఉండగా తనిఖీవారు ఫొటో తీసుకున్నారు. "ప్రభుత్వ కీబోర్డును నేలపై ఉంచి పాదముతో వాడుట" అని మెమో నం. 209 వచ్చింది. దానికి జవాబు ఇచ్చుకున్నాను. అందులో పాదం కడుక్కున్నానని కూడా రాశాను.

ఇంతకూ మీటను ఒకసారి నొక్కి వదిలినా పట్టుకున్నట్టే ఉంచే సౌకర్యం తమ ఆపరేటింగ్ సిస్టంలోనే ఉన్నదట. నావంటి వారి కోసమే పెట్టారట. తమ కార్యాలయపు తనిఖీ ఇంజనీరు సుహాద్ గారు చెప్పారు. అయితే లాగిన్ అడిగే ప్రవేశ తెర దగ్గర అదే మీటను పదేపదే నొక్కి దొంగలు లోపలికి రాగలరన్న భయంతో నిబంధన 37 కింద దాన్ని అన్ని కంప్యూటర్లలోనూ మూసివేశారు. ఒక గడిలో గురుతు తీసేశారు, అంతే. ఆ గురుతు మళ్ళీ పెట్టమని మార్చిలో సహాయ విభాగానికి ఫిర్యాదు చేశాను. ఏప్రిల్ 2న జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"వినియోగదారు రెండు చేతులను ఉపయోగించవలసినదిగా సూచించడమైనది. ఫిర్యాదు పరిష్కరించబడినది."

5. ప్లాస్టరు పట్టీలు చుట్టి చేత్తో అచ్చు తీసే పాత పద్ధతి లేదా అని తమరు అడుగవచ్చు. దానికీ రెండు చేతులే కావలెను. మా దగ్గర అది తెలిసిన ఆఖరివాడు రెండేళ్ళ కింద పదవీ విరమణ చేసి మంచం పట్టాడు. రెండో రూపకర్త పోస్టు ఖాళీ. పక్కవాడి చేత మీటలు నొక్కించుకుందామంటే నిబంధన 12 ప్రకారం నమోదైన వినియోగదారు తప్ప కీబోర్డును ఇంకెవరూ తాకరాదు. ఈ రోజుకి మా వరుసలో అరవై ఒక్క మంది ఉన్నారు. అందరి గురించీ రాస్తే తమరు చదవలేరు. ఒకరి గురించే రాస్తాను.

6. జుమానాకు రెండేళ్ళప్పుడు ఎడమకాలు మోకాలి కింద పోయింది. తల్లీ తండ్రీ అదే ఇంట్లో అదే పూట పోయారు. నానమ్మ హస్నా పెంచుతోంది. ఆ పిల్లకు ఇప్పటికి ఏడు తొడుగులు చేశాను. ఎదిగే పిల్ల గనుక ఎనిమిది నెలలకొకటి మార్చాలి. మార్చి ఆఖర్లో వచ్చారు. నా కృత్రిమ చేయి తీసి బల్ల మీద పెట్టి ఉంది.

"ఉస్తా, నీ చెయ్యి అలిగిందా? అంత దూరం కూచుంది," అంది జుమానా.

"దానికి ఇవాళ పని లేదమ్మా."

"మరి నీకూ లేనట్టేగా. నా కాలు చూడు."

నానమ్మ తొడుగు ఊడదీసింది. మోకాలి కింద చర్మం చెక్కుకుపోయి గుండ్రంగా పుండు.

"పదిహేను రోజుల నుంచి ఇట్లాగే నడుస్తోంది నాయనా. నొప్పంటే బడి మాన్పిస్తానని చెప్పలేదు. నిన్న మేజోడు ఉతుకుతుంటే రక్తం కనపడింది."

"ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"మా క్లాసు మేడ మీదుంది," అంది, అదే కారణమన్నట్టు.

ఆ తొడుగు ఇక వేసుకోవద్దన్నాను. ఆనాటి నుంచి ఆ పిల్ల చంకకర్రల మీదే ఉంది. బడిలో మెట్లు కర్రలతో ఎక్కలేక, కూర్చుని ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కుతుంది. యూనిఫాం వెనకవైపు మూడు మాసికలు పడ్డాయి. నానమ్మ పొరుగు జిల్లా కేంద్రానికి కూడా తీసుకెళ్ళింది. "పేరు మోసుల్ జాబితాలో ఉంది, అక్కడే చేయించుకోండి" అని తిప్పి పంపారు.

7. ఇప్పుడు రాసేది నా నేరం. దాచను. మా స్టోరుగదిలో తొలగించిన పాత కంప్యూటరు ఒకటి ఉంది. నెట్‌వర్కు వైరు లేదు. అందులో కాలిబ్ ఇంకా బతికే ఉంది. ఏప్రిల్ మూడో వారంలో పెడల్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాను. రెండు నెలల తర్వాత పెడల్ మీద కాలు పెట్టగానే బొమ్మ తిరిగింది. అయ్యా, కాసేపు పని చేయకుండా అలా తిప్పుతూ కూర్చున్నాను.

గంటా నలభై నిమిషాల్లో జుమానా తొడుగు పూర్తయింది. నిషిద్ధమని తెలిసీ దాన్ని పెన్‌డ్రైవులో అచ్చు యంత్రానికి మోశాను. ఏప్రిల్ 24 ఉదయం తొడిగి చూశాం. పిల్ల కమ్మీలు పట్టుకుని లేచింది, తర్వాత వదిలేసింది. నడవా ఆ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, "మెట్లెక్కడున్నాయి?" అంది.

8. అప్పుడే తమ కార్యాలయం నుంచి తనిఖీకి సుహాద్ గారు వచ్చారు. పిల్ల నడకను ఆమె కూడా నిలబడి చూశారు. తరువాత అచ్చు యంత్రంలో నమోదు లేని ఫైలు చూశారు.

"ఉస్తా, ఇది నేను చూడకుండా ఉండాల్సింది. చూశాక రాయకపోతే నా ఉద్యోగం పోతుంది."

"రాయండమ్మా. ఆ పాత కంప్యూటరు పట్టుకెళ్ళండి. నా మీద ఏం రాయాలో అది రాయండి. తొడుగు మాత్రం పిల్లకి వదిలేయండి."

"దానికి నంబరు లేదు. ఆమోదం లేని యంత్రంలో చేసింది రోగికి ఇవ్వకూడదు. రేపు ఏదన్నా అయితే?"

"అవుతుంది, అవుతుంది! మెట్లెక్కి క్లాసులో కూచుంటుంది. అంతకంటే ఏమవుతుందమ్మా?" అంది హస్నా పెద్దమ్మ.

సుహాద్ గారు తొడుగు విప్పడానికి వంగారు గానీ పట్టీ ఏ వైపు లాగాలో తెలియలేదు.

"మీకు రాదు. నేనే తీస్తా," అంది జుమానా. తీసి ఇచ్చింది.

దాన్ని కవరులో పెట్టి, ముద్ర వేసి, "నిలుపుదల" అని చీటీ కట్టారు. సుహాద్ గారిని నేను నిందించుట లేదు. తిరిగి వెళుతూ ఆమె కారులో చాలాసేపు కదలకుండా కూర్చున్నారని కాపలావాడు చెప్పాడు. కవరు మాత్రం ఆ కారులోనే వెళ్ళింది.

9. మే నెలలో తొడుగు విడుదలకు దరఖాస్తు పెట్టుకున్నాను. జూన్‌లో రెండో ప్రతి అడిగారు, ఇచ్చాను. జూలైలో వైద్యుని ధ్రువపత్రం అడిగారు, ఇచ్చాను. ఆగస్టులో ఆ ధ్రువపత్రం ఆమోదిత కంప్యూటరులో టైపు చేసినదేనని మరో ధ్రువపత్రం అడిగారు. అదీ ఇచ్చాను. సెప్టెంబరు 18న తమరు దయతో విడుదల ఉత్తర్వు నం. 377 పంపినారు. అందుకు కృతజ్ఞుణ్ణి. ఇది వెటకారం కాదు. తమ బల్ల మీద ఎన్ని కాగితాలుంటాయో నాకు తెలుసు.

ముందు అందినట్లు నానమ్మ వేలిముద్ర వేయాలని, తరువాతే కవరు తెరవాలని నిబంధన. వేసింది. తెరిచాం. పిల్ల మొండికాలు సగం కూడా దిగలేదు.

ఐదు నెలలు, అయ్యా. ఆ వయసులో.

నేను మరోసారి నొక్కబోయాను. జుమానా నా మణికట్టు పట్టుకుని ఆపింది. తొడుగును ఇటూ అటూ తిప్పి చూసి, "ఇది నా చిన్నప్పటిది ఉస్తా. ఎవరన్నా చిన్నపిల్లకి ఇచ్చెయ్," అంది. ఎవరిది వారికే అన్న సంగతి ఆ పిల్లకు తెలియదని కాదు.

10. ఇప్పుడు రెండో నేరం. అక్టోబరు 6న, ఆమోదిత కంప్యూటరు ముందు, నమోదు కాని వ్యక్తిని కూర్చోబెట్టి కీబోర్డును తాకనిచ్చాను. ఆ వ్యక్తి జుమానా. ఆ సమయంలో ఇంజనీరు సుహాద్ గారు గదిలో లేరని, "నేను పోయి టీ తాగొస్తా, రెండు గంటలు పడుతుంది" అని చెప్పి వెళ్ళారని, ఆమెకు ఇందులో ఏ సంబంధమూ లేదని మనవి.

"ఈ మీట, దాని పక్కన ఇది. నేను 'పట్టు' అంటే రెండూ పట్టు. 'వదులు' అంటే వదులు," అన్నాను.

మొదట పది నిమిషాలు బొమ్మ పిచ్చిపిచ్చిగా తిరిగింది. తర్వాత కుదిరింది. "పట్టు", "వదులు", "పట్టు", "వదులు".

"అరవకు ఉస్తా. నువ్వు చెప్పేలోపే నాకు తెలిసిపోతోంది," అంది. నిజమే. ఆ తర్వాత 'పట్టు', 'వదులు' అనడం మానేశాను. కాసేపటికి మళ్ళీ తనే, "ఇదా నా కాలు? బంగాళదుంపలా ఉందే?"

"మేలురకం దుంప."

"అక్కడ నొక్కకు. అక్కడ నొప్పి. అదిగో, ఆ గుంట పక్కన."

ఆరేళ్ళలో ఏ రోగీ తన కాలిని తెర మీద చూసి ఇక్కడ వద్దు, ఇక్కడ పరవాలేదు అని నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. గంటా యాభై నిమిషాలు పట్టింది. నేను చేసిన తొడుగులన్నిటిలో అదే మంచిది. ఆమోదిత ప్రోగ్రాములో, ఆమోదిత సిస్టంలో, ఒక్క తప్పు లేకుండా భద్రమైంది. పచ్చ గురుతు వచ్చింది. పిల్ల కుర్చీలో ఎగిరి గంతేసింది.

'చెక్కుము' అన్న గడి నొక్కాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి: "లబ్ధిదారుకు ఉపకరణము ఇప్పటికే అందినది. తదుపరి అర్హత: మే, 2026."

జుమానా కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. "అందలేదని రాయి ఉస్తా. నీకు రాయడం వచ్చుగా," అంది.

అందుకే ఈ అర్జీ.

11. కావున తమ దయకు మనవి చేసుకొనునది ఏమనగా:

అ) సెప్టెంబరు 18న జుమానాకు అందినట్లు నమోదైనది, కాగితం మీద అందినదే గాని కాలికి అందలేదు గనుక, ఆ నమోదును కొట్టివేయవలెను.

ఆ) నిబంధన 37 కింద మూసిన సౌకర్యాన్ని నా ఒక్క కంప్యూటరులో, ప్రవేశం పూర్తయిన పిమ్మట మాత్రమే పనిచేయునట్లు తెరవవలెను. అలా చేస్తే ప్రవేశ తెర దగ్గర దొంగలకు దారి ఉండదని, అది ఐదు నిమిషాల పని అని తెలిసినవారు చెప్పారు. ఎవరు చెప్పారో రాయను.

ఇ) పైన ఒప్పుకున్న రెండు నేరాలకు శిక్ష వేయవలసి ఉంటే నాకు వేయవలెను. అయితే ఆ తొడుగు చెక్కిన తర్వాత వేయవలెను.

ఈ) ఇవేవీ కుదరనిచో, రెండు చేతులున్న రూపకర్తను ఎవరినైనా నియమించి నన్ను తొలగించవలెను. పెడల్ నా సొంతం, తీసుకువెళతాను.

ఇటువంటి అర్జీలు ఇదివరకు నాలుగు పెట్టుకున్నాను. వాటి నంబర్లు కావలసినచో ఇవ్వగలను. నాలుగింటికీ ఏమైనదో తమకు తెలుసు, నాకూ తెలుసు. ఇది ఐదవది. దీని మీద నాకు ఆశ ఉందని చెబితే అబద్ధమాడిన వాడనవుతాను. అయినా గడిలో గురుతు పెట్టే చేయి తమదే గనుక, వేరే దిక్కు లేక తమకే రాస్తున్నాను. ఈ కాగితం చివరిదాకా చిత్తగించవలెనని, చిత్తగించిన పిమ్మట కింద పెట్టక చేతనే ఉంచుకొనవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు, ఒప్పుకున్న నేరస్థుడు,
ఘజ్వాన్ ధన్నూన్ యహ్యా
తొడుగుల రూపకర్త

తా.క.: పై సంతకం నిన్న చేసినది. ఈ ఉదయం దీన్ని పట్టుకుని బయలుదేరుతుండగా హస్నా పెద్దమ్మ వచ్చింది. పిల్ల కూడా వచ్చింది గాని వరండాలోనే ఆగిపోయింది.

"పదిహేను రోజులై పిల్ల సరిగ్గా తినడం లేదు నాయనా. పగలు నాలుగు మెతుకులు, రాత్రికి నీళ్ళు. జబ్బేమోనని డాక్టరుకి చూపించా. ఏమీ లేదన్నాడు. నిన్న కూచోబెట్టి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది."

నేను వరండాలోకి వెళ్ళాను. ముఖం పీక్కుపోయి ఉంది. నా చూపుకి దొరక్కుండా కర్రల వైపు చూస్తోంది.

"ఏంటమ్మా ఇది?"

"ఆ కాలు కంప్యూటర్లో ఉందిగా ఉస్తా. అది బయటికొచ్చేదాకా నేను పెరగకూడదు. పెరిగితే మళ్ళీ పట్టదు."

తిండి మానితే పెరగడం ఆగదని చెప్పాను. చిక్కిపోతే తొడుగు వదులవుతుంది, అప్పుడూ పట్టదని చెప్పాను. ఒకటి తప్పితే ఇంకొకటి చేస్తానన్నాను. "దేంతో?" అంది. చివరికి అబద్ధం ఆడాను. ఆఫీసరు గారు కాదన్నారని, ఇక ఆ కాలు రాదని, వెళ్ళి అన్నం తినమని చెప్పాను.

"కాగితం చూపించు," అంది. "ముద్ర ఏది?"

అయ్యా, జవాబుకు తమకు అరవై పనిదినాల గడువు ఉన్నదని బోర్డు మీద చదివాను. పైన రాసిన ప్రార్థనలన్నీ తీసి పక్కన పెట్టండి. అవునని రాస్తే తమ కాళ్ళకు మొక్కుతాను. రాయలేకపోతే కాదనే రాయండి, కానీ ఈ వారంలోనే రాయండి, ముద్ర వేసి పంపండి. తీసుకెళ్ళి చూపిస్తాను. పిల్ల అన్నం తినాలి.